బ్రౌజర్ మార్చుకోవడం ఎలా: ఒక అరపూట పని

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా మామయ్య ఫోన్ రెండు నిమిషాలకోసారి టింగుమంటోంది. “మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే తీసేయండి” అని ఒకటి. “మీ బ్యాంకు ఖాతా ఈ రాత్రితో ఆగిపోతుంది” అని ఇంకొకటి. ఆయన హడలిపోయి టౌన్‌లో సెల్ షాపుకి తీసుకెళ్లి, మూడొందలిచ్చి ఫోన్ రీసెట్ చేయించారట. వారం తిరక్కుండా మళ్లీ మొదలు.

తీరా చూస్తే వైరస్సూ లేదు, గిరస్సూ లేదు. ఎప్పుడో క్రికెట్ స్కోరు వెతుక్కుంటుంటే ఒక సైట్ “ముందుకెళ్లాలంటే అలౌ నొక్కండి” అంది, ఈయన నొక్కారు. ఆ ఒక్క నొక్కుతో ఆ సైట్‌కి మామయ్య ఫోన్ మోగించే హక్కు వచ్చేసింది. రీసెట్ అయ్యాక మళ్లీ స్కోరు కోసం అక్కడికే వెళ్లారు, మళ్లీ అదే బటన్ నొక్కారు. “మీరే ఒప్పుకున్నారు మామయ్యా” అంటే, “నేనెక్కడ ఒప్పుకున్నానురా, స్కోరు చూద్దామని నొక్కాను గానీ” అన్నారు.

ఆయన తప్పేం లేదు. ఫోన్‌తో పాటు వచ్చిన బ్రౌజర్‌లో, అంటే సైట్లు తెరిచి చూపించే యాప్‌లో, అడిగేవాళ్లందరినీ అడగనిచ్చేలా సెట్టింగ్ ఉంది. దాన్ని ఆయన పెట్టలేదు, పెట్టినవాళ్లు ఆయన్ని అడగలేదు. ఆ మధ్యాహ్నం కూర్చుని బ్రౌజర్ మార్చి పెట్టాను. ఫోన్ ఒక్కటే అయితే అరగంట పని, కంప్యూటర్ కూడా ఉంటే ఒక అరపూట. మీరు మీ ఇంట్లో చేసుకోవడానికి వీలుగా అదే పనిని వరసగా రాస్తున్నాను.

1. ముందు మీ బాధ ఏమిటో తేల్చుకోండి

“ఏ బ్రౌజర్ సేఫ్?” అని అడిగేవాళ్లు మూడు వేరు వేరు సంగతులను ఒకే ప్రశ్నలో కలిపేస్తారు. ఇంటితో పోల్చి చూడండి. దొంగ లోపలికి రాకుండా తలుపు, గడియ గట్టిగా ఉండటం సెక్యూరిటీ. మీ ఇంటికి ఎవరొస్తున్నారు, ఏం కొంటున్నారు అని ఎదురింటాయన అరుగు మీద కూర్చుని పుస్తకంలో రాసుకోకుండా ఉండటం ప్రైవసీ. గోడకి మేకు కొట్టుకోవాలంటే ఓనర్‌ని అడగక్కర్లేకపోవడం మూడోది, అంటే అదుపు మన చేతిలో ఉండటం.

ఈ లెక్కన “క్రోమ్ సేఫ్ కాదు” అనే మాట తప్పు. తలుపుల విషయంలో క్రోమ్ చాలా గట్టిది. ఒక సైట్‌లోని చెడ్డ కోడ్ పక్క ట్యాబ్‌లోని మీ బ్యాంకు పేజీని తొంగి చూడకుండా, ఒక్కో సైట్‌ని ఒక్కో గదిలో పెట్టి నడిపే పద్ధతిని కంప్యూటర్లలో అది 2018లోనే అందరికీ ఇచ్చింది. దానికి పోటీ బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ ఆ పని పూర్తి చేసేసరికి 2021 అయింది. క్రోమ్‌తో పేచీ అంతా అరుగు మీద ఎదురింటాయనతోనూ, మేకు దగ్గర ఓనర్‌తోనూ.

ఇక్కడే ఇన్‌కాగ్నిటో గురించి, అంటే క్రోమ్‌లో చాటుగా చూసుకోవడానికి తెరుచుకునే నల్ల కిటికీ గురించి, కూడా చెప్పేస్తాను, చాలామందికి దాని మీద లేనిపోని నమ్మకం ఉంది. ఆ నల్ల కిటికీ మూసేస్తే మీరు చూసిన సైట్ల జాబితా ఆ ఫోన్‌లో మిగలదు, అంతవరకే. నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు వైఫై చూసుకునే మనిషికి, మీరు వెళ్లిన సైట్‌కి అంతా మామూలే. దీని మీద 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడింది. 2024లో రాజీ కుదిరి, ఇన్‌కాగ్నిటోలో పోగైన కోట్లాది రికార్డులను చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. చెరపడానికి అన్ని ఉన్నాయంటే ఆ నల్ల రంగు ఎంత దాచిందో మీరే ఊహించుకోండి.

2. దాన్ని పోషిస్తున్నది ఎవరో చూడండి

బ్రౌజర్ తయారు చేయడం చిన్న పని కాదు, వందల మంది ఇంజనీర్లకు జీతాలివ్వాలి. అయినా మనకి ఊరికే ఇస్తున్నారు. ఆ జీతాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలిస్తే ఆ బ్రౌజర్ ఏ విషయంలో మన పక్షం, ఏ విషయంలో కాదు అన్నది సగం తెలిసిపోతుంది. నేను ఫీచర్ల పట్టికలు చూడను, ఇదొక్కటే చూస్తాను.

క్రోమ్‌ది సూటి లెక్క. గూగుల్ బతికేది ప్రకటనల మీద. ఒక సైట్‌లో చూసిన చీర ఇంకో సైట్‌లో మిమ్మల్ని వెంటాడటానికి వాడే థర్డ్ పార్టీ కుకీలను, అంటే వేరేవాళ్లు మీ బ్రౌజర్‌లో వదిలే గుర్తు చీటీలను, రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో గూగుల్ ప్రకటించింది. గడువు మీద గడువు పొడిగించి, చివరికి 2024 జులైలో ఆ ఆలోచనే మానుకుంది. అదే 2020 మార్చికల్లా ఆపిల్ బ్రౌజర్ సఫారీ వాటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022లో ఇంకో దారి పట్టింది: ఒక్కో సైట్‌కి ఒక్కో జాడీ. ఆవకాయ జాడీలో గరిటె మాగాయ జాడీలో పెట్టనివ్వని మా అమ్మమ్మ లాగా, ఈ సైట్‌లో పెట్టిన కుకీని ఆ సైట్‌లో తీసుకోనివ్వదు.

అలాగని ఫైర్‌ఫాక్స్ వాళ్లు గాలి పీల్చి బతకడం లేదు. దాని వెనకున్న మొజిల్లా లాభాపేక్ష లేని సంస్థే గానీ, దాని రాబడిలో సింహభాగం గూగుల్‌ని డిఫాల్ట్ సెర్చ్‌గా (మనం మార్చకపోతే ఉండే సెర్చ్‌గా) ఉంచినందుకు గూగుల్ ఇచ్చే డబ్బే. పోటీదారుడి సొమ్ముతో బండి నడవడం నాకైతే ఎప్పుడూ కొంచెం భయంగానే ఉంటుంది. 2024 జులైలో వచ్చిన 128వ వెర్షన్‌లో, ప్రకటనలు ఎంత పనిచేశాయో లెక్కగట్టే ఒక ఏర్పాటును ఎవరినీ అడక్కుండా ఆన్ చేసి పెట్టి మొజిల్లా తిట్లు కూడా తింది.

సఫారీ ఆపిల్‌ది. ఆపిల్ బతికేది ఫోన్లు అమ్మి. అయినా సఫారీలో డిఫాల్ట్ సెర్చ్‌గా ఉన్నందుకు గూగుల్ 2022లో ఆపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు కాగితాల్లో బయటపడింది. బ్రేవ్ అనే ఇంకో బ్రౌజర్‌ని మొదలుపెట్టింది, వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త బ్రెండన్ ఐక్. ఇది వేరేవాళ్ల ప్రకటనలను ఆపేస్తుంది, ఒప్పుకున్నవాళ్లకి తన ప్రకటనలు చూపిస్తుంది, క్రిప్టో వ్యాపారం కూడా ఉంది. 2020లో, అడ్రస్ బార్‌లో క్రిప్టో సైట్ల పేర్లు కొడుతుంటే చివర తమ కమిషన్ కోడ్ తగిలిస్తూ దొరికిపోయారు. తప్పయిందని చెప్పి తీసేశారు. ఎడ్జ్ మైక్రోసాఫ్ట్‌ది, దాని గురించి నాకు చెప్పాలనిపించేది ఏమీ లేదు.

మన దేశపు బ్రౌజర్ కావాలనేవాళ్లు ఉలా పేరు విని ఉంటారు. చెన్నై కంపెనీ జోహో 2023లో తెచ్చింది. కేంద్ర ఐటీ శాఖ పెట్టిన స్వదేశీ బ్రౌజర్ పోటీలో 2025లో మొదటి బహుమతి, కోటి రూపాయలు, దానికే వచ్చింది. ప్రకటనల మీద బతకం అని జోహో మొదట్నుంచీ చెప్పే మాట, ఆ మేరకు మంచిదే. కానీ లోపల ఇంజన్ మాత్రం గూగుల్‌దే. ఆ సంగతికే వస్తున్నాను.

3. బానెట్ ఎత్తి ఇంజన్ చూడండి

దుకాణంలో పాతిక బ్రౌజర్లు కనబడతాయి గానీ, పేజీని తెర మీద చూపించే లోపలి ఇంజన్లు ముఖ్యంగా మూడే. గూగుల్ నడిపే క్రోమియం మీద క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి, ఉలా, శాంసంగ్ ఇంటర్నెట్ అన్నీ నడుస్తాయి. ఆపిల్‌ది వెబ్‌కిట్. మొజిల్లాది గెకో, దాని మీద ఫైర్‌ఫాక్స్, దాన్ని మార్చి చేసిన లిబర్‌వుల్ఫ్, టోర్ బ్రౌజర్.

ఇంజన్ ఎవరిదైతే మనకేంటి అంటారా? యూబ్లాక్ ఆరిజిన్ సంగతి చూడండి. రేమండ్ హిల్ అనే ఆయన ఊరికే రాసి ఇస్తున్న ప్రకటనల నిరోధకం అది. దాని గొప్పతనం ఏమిటంటే, పేజీ తెరుచుకునేటప్పుడు బయటికి వెళ్లే ఒక్కో కబురునీ గుమ్మం దగ్గర నిలబడి చూసి, పో అనో ఆగు అనో అప్పటికప్పుడు చెప్పగలదు. ఇలా బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే ఎక్స్‌టెన్షన్ల నిబంధనలను గూగుల్ మార్చింది. మ్యానిఫెస్ట్ వీ3 అంటారు. దాని ప్రకారం ఎక్స్‌టెన్షన్ గుమ్మంలో నిలబడకూడదు, ఎవరిని ఆపాలో ముందే జాబితా రాసి బ్రౌజర్‌కి ఇచ్చి పక్కకి తప్పుకోవాలి. సెక్యూరిటీ కోసమని గూగుల్ చెప్పింది, అందులో కొంత నిజం ఉంది కూడా. అయినా ఫలితం ఒక్కటే: 2024 చివరి నుంచి 2025 లోపు క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ ఆగిపోయింది. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే చిన్న తమ్ముడు మిగిలాడు.

కోట్లమంది తమంతట తాము ఎంచుకుని వేసుకున్న ఒక వస్తువుని ఓనర్ వచ్చి గోడ మీంచి పీకేశాడు. ఫైర్‌ఫాక్స్‌లో పాత పద్ధతి అలాగే ఉంది, యూబ్లాక్ పూర్తి బలంతో పనిచేస్తోంది. బ్రేవ్ నిరోధకాన్ని ఎక్స్‌టెన్షన్‌గా కాకుండా బ్రౌజర్‌లోనే కలిపి రాసింది కాబట్టి దానికి ఈ దెబ్బ తగల్లేదు.

ఇంకో ఉదాహరణ మన దేశంలోదే. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు చూసి సైట్ అసలుదే అని నమ్ముతాం కదా, ఆ నమ్మకానికి పూచీ పడే సంస్థల జాబితా ఒకటి ఉంటుంది. 2014 జులైలో, మన ప్రభుత్వ ఐటీ సంస్థ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ పేరు మీద గూగుల్ సైట్లకి దొంగ సర్టిఫికెట్లు (పూచీ కాగితాలు) పుట్టినట్టు గూగుల్ కనిపెట్టింది. భారత ప్రభుత్వ సంస్థల పూచీని విండోస్ నమ్మేది కాబట్టి విండోస్ జాబితా మీద ఆధారపడిన చాలా ప్రోగ్రాములకి అవి చెల్లుబాటు అయ్యేవి. ఫైర్‌ఫాక్స్ తన జాబితా తనే పెట్టుకుంటుంది, అందులో ఆ పూచీ లేదు, దాని మీద ప్రభావం పడలేదు. ఊళ్లో అందరూ ఒకే బావి నీళ్లు తాగకుండా రెండో బావి ఉంటే మంచిదని నేననేది ఇందుకే.

4. ఎంచుకోండి

కంప్యూటర్‌లో రోజువారీకి ఫైర్‌ఫాక్స్. పక్కన బ్రేవ్ కూడా వేసి ఉంచండి, ఎందుకో కింద చెప్తాను.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో, సెట్టింగ్స్ కెలకడం మీకు అలవాటైతే ఫైర్‌ఫాక్స్ వేసుకుని అందులో యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోండి. ఫోన్‌లో కూడా చాలా రకాల ఎక్స్‌టెన్షన్లని 2023 డిసెంబరు నుంచి అది తీసుకుంటోంది. ఇంటర్‌ఫేస్ తెలుగులో పెట్టుకునే వీలు కూడా ఉంది, వాలంటీర్లు కూర్చుని అనువదించారు. ఇంట్లో పెద్దవాళ్లకైతే బ్రేవ్ వేసి ఇవ్వండి. వేసిన క్షణం నుంచి ప్రకటనలు, ట్రాకర్లు (సైటు సైటుకీ మనల్ని వెంటాడే కోడ్) చాలావరకు ఆగిపోతాయి, వాళ్లు చేయాల్సింది ఏమీ లేదు. మామయ్యకి నేను పెట్టింది అదే.

ఐఫోన్ అయితే పెద్దగా తంటాలు పడకండి. మన దేశంలో ఐఫోన్ మీద ఏ బ్రౌజర్ వేసినా లోపల ఉండేది వెబ్‌కిట్టే, క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా పైన చొక్కా మార్పే. సఫారీనే ఉంచుకుని, యాప్ స్టోర్ నుంచి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వేసుకుంటే చాలు.

టోర్ బ్రౌజర్ అనేది వేరే లోకం. మీరు పంపే ప్రతి కబురునీ మూడు చోట్ల తిప్పి పంపుతుంది, అందుకే నెమ్మది. పేరు బయటపడితే ప్రమాదం ఉన్న విలేకరికో, ఫిర్యాదుదారుకో అది నిజంగా అవసరం. కరెంటు బిల్లు కట్టడానికి కాదు. దాంతో బ్యాంకులో లాగిన్ అయితే ఏ దేశం నుంచో వచ్చినట్టు కనబడి ఖాతా బ్లాక్ కావచ్చు, పేరు చెప్పి లాగిన్ అయ్యాక ఇక దాచడానికి మిగిలేదీ ఏమీ లేదు.

పాత ఫోన్లలో ఇంకా యూసీ బ్రౌజర్ కనిపిస్తే తీసేయండి. 2015లోనే టొరంటోలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు అది ఫోన్ వివరాలనూ, మనం వెతికిన మాటలనూ సరైన రక్షణ లేకుండా బయటికి పంపుతోందని చూపించారు. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో కూడా ఉంది. నిషేధం తర్వాత కూడా, ఉన్న ఫోన్లలో అలా ఉండిపోయింది.

5. సరైన గుమ్మం నుంచి తెచ్చుకోండి

ఇది చిన్న విషయమే గానీ ఇక్కడే బోల్తా పడతారు. సెర్చ్‌లో బ్రౌజర్ పేరు కొడితే పైన వచ్చేది ప్రకటన కావచ్చు, దాని మీద నొక్కకండి. ఫోన్‌లో ప్లే స్టోర్‌లో వెతికి, పేరు కింద తయారీదారు మొజిల్లా అనో బ్రేవ్ సాఫ్ట్‌వేర్ అనో ఉందా చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) ఎవరు పంపినా వేయకండి. ఆర్టీఓ చలాన్ అనీ, పీఎం కిసాన్ అనీ పేర్లు పెట్టి వస్తున్నవి ఆ రకమే.

6. పాస్‌వర్డ్‌లు మార్చుకునేటప్పుడు

కంప్యూటర్‌లో కొత్త బ్రౌజర్ మొదటిసారి తెరవగానే పాత దాంట్లోంచి బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు తెచ్చుకోమంటారా అని అడుగుతుంది. సరే అనండి. కొన్నిసార్లు అలా కుదరక, పాత దాంట్లోంచి పాస్‌వర్డ్‌లను ఒక ఫైల్‌గా బయటికి తీసి కొత్త దాంట్లో పోయాల్సి వస్తుంది. ఆ ఫైల్ తెరిచి చూడండి ఒకసారి, గుండె జారుతుంది. మీ పాస్‌వర్డ్‌లన్నీ అక్షరం పొల్లుపోకుండా వరసగా కనిపిస్తాయి. పని అవ్వగానే దాన్ని చెరిపేసి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి. మర్చిపోయి డౌన్‌లోడ్స్‌లో వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఆ తర్వాత కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ అని ఒకటి ఉంటుంది, పెట్టుకోండి. లేకపోతే కొన్ని సిస్టంలలో మీ కుర్చీలో కూర్చున్న ఎవరైనా సెట్టింగ్స్ తెరిచి దాచుకున్నవన్నీ చదవొచ్చు. నాకు ఇది ఎంసెట్ కౌన్సెలింగ్ అప్పుడు తెలిసింది. నెట్ సెంటర్‌లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టుకుని, హాయిగా బయటికొచ్చి చెరుకురసం తాగుతున్నాను. నా తర్వాత ఆ సిస్టం ముందు కూర్చున్న కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి, “అన్నా, నీ లాగిన్ అలాగే వస్తోంది, పాస్‌వర్డ్‌తో సహా” అన్నాడు. బ్రౌజర్ సేవ్ చేయమంటావా అని అడిగినప్పుడు నేనే తొందరలో అవునని ఉంటాను. వాడు మంచివాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా ఆప్షన్లలో ఏ కాలేజీ మొదటికి వచ్చేదో. నెట్ సెంటర్లో, జిరాక్స్ షాపులో పని పడితే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. అది నిజంగా పనికొచ్చే చోటు అదే.

7. సెట్టింగ్స్: అసలు పని ఇక్కడుంది

మంచి బ్రౌజర్ వేసి సెట్టింగ్స్ ముట్టుకోకపోవడం, కొత్త తాళం కొని బీరువాలో పెట్టుకోవడం లాంటిది. కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

మొదట నోటిఫికేషన్లు. కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో పర్మిషన్స్ దగ్గర నోటిఫికేషన్స్ పక్కనున్న బటన్ నొక్కితే, ఇప్పటిదాకా మీరు ఒప్పుకున్న సైట్లన్నీ కనబడతాయి. అన్నీ తీసేసి, కొత్తగా ఎవరూ అడగకుండా కింద ఉన్న గడిలో టిక్ పెట్టండి. ఫోన్‌లో బ్రేవ్, క్రోమ్ రెండిట్లోనూ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ అని ఉంటుంది. మామయ్య పాత బ్రౌజర్‌లో ఆ జాబితా తెరిస్తే నలభైకి పైగా సైట్లున్నాయి. ఒక్కొక్కటీ తీసేస్తుంటే పక్కన కూర్చుని “ఇదెవరు? దీన్ని నేనెప్పుడు చూశాను?” అంటూనే ఉన్నారు. అలాంటి మెసేజ్ ఈసారి వస్తే దాని మీద వేలు నొక్కి పట్టుకుని, ఏ సైట్ నుంచి వచ్చిందో చూసి అక్కడికక్కడే ఆపొచ్చు.

తర్వాత ట్రాకింగ్. ఫైర్‌ఫాక్స్‌లో స్టాండర్డ్ అని ఉన్నచోట స్ట్రిక్ట్ పెట్టండి. ఎప్పుడైనా ఒక పేజీ సరిగ్గా రాకపోతే, అడ్రస్ పక్కనున్న డాలు గుర్తు నొక్కి ఆ ఒక్క సైట్‌కి మాత్రం సడలించండి. మొత్తం ఆపేయకండి. బ్రేవ్‌లో సింహం బొమ్మ నొక్కితే అదే పని.

హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ అనే మోడ్ ఆన్ చేయండి. తాళం లేని పాతకాలపు సైట్ ఎదురైతే బ్రౌజర్ ఆగి మిమ్మల్ని అడుగుతుంది.

డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ అనేది పేరుకి భయపెడుతుంది గానీ తేలికే. మీరు సైట్ పేరు కొట్టగానే, “ఈ పేరు గలవాళ్ల చిరునామా ఏది?” అని బ్రౌజర్ ముందు ఎవరినో అడగాలి. మామూలుగా నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీని, అదీ పోస్టుకార్డు మీద రాసి అడుగుతుంది. దారిలో ఎవరైనా చదవొచ్చు. ఇది ఆన్ చేస్తే కవర్లో పెట్టి, మీరు ఎంచుకున్న వేరే సంస్థని అడుగుతుంది. అంటే నమ్మకం ఒకరి మీంచి ఇంకొకరి మీదకి మారుతుంది తప్ప మాయమైపోదు. ఆఫీసు, కాలేజీ నెట్‌వర్కుల్లో దీనివల్ల కొన్ని లోపలి సైట్లు తెరుచుకోవు, అప్పుడు ఆపేయండి.

ఫైర్‌ఫాక్స్‌లో డేటా కలెక్షన్ దగ్గరున్న టిక్కులు, బ్రేవ్‌లో రివార్డ్స్, వాలెట్, కొత్త ట్యాబ్‌లో వచ్చే స్పాన్సర్ బొమ్మలు తీసేయండి. సెర్చ్ ఇంజన్ డక్‌డక్‌గోకి మార్చి వారం చూడండి. తెలుగులో వెతికినప్పుడు గూగుల్ ఇచ్చినంత బాగా ఇవ్వదు, నేను తెలుగు వెతుకులాటకి ఇప్పటికీ గూగుల్‌కే వెళ్తాను. కానీ ఫిషింగ్ సైట్ల (పాస్‌వర్డ్‌లు కాజేసే నకిలీ సైట్ల) గురించి హెచ్చరించే సేఫ్ బ్రౌజింగ్‌ని మాత్రం ప్రైవసీ పేరుతో ఆపకండి. అది కూడా గూగుల్ జాబితానే, అయినా ఇంట్లోవాళ్లని కాపాడేది అదే.

ఇవన్నీ చదివి కూడా క్రోమ్ వదలబుద్ధి కాకపోతే, అందులోనే థర్డ్ పార్టీ కుకీలు బ్లాక్ చేసి, నోటిఫికేషన్లు ఆపి, సింక్‌లో, అంటే మీ గూగుల్ ఖాతాలోకి వెళ్లేవాటిలో, హిస్టరీని తీసేయండి. ఏమీ చేయకపోవడం కంటే చాలా నయం.

8. ఎక్స్‌టెన్షన్లు ఎంత తక్కువైతే అంత మంచిది

ద గ్రేట్ సస్పెండర్ అని ఒకటుండేది. ఎక్కువ ట్యాబ్‌లు తెరిస్తే వాడనివాటిని నిద్రపుచ్చేది, 20 లక్షల మందికి పైగా వాడారు. 2020లో దాన్ని రాసినాయన వేరేవాళ్లకి అమ్మేశారు. కొన్నవాళ్లు అప్‌డేట్ పేరుతో అందులో గుట్టుగా వేరే కోడ్ కలిపారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) అని తీసేసింది. వాడేవాళ్లు కొత్తగా ఏమీ నొక్కలేదు, ఏ తప్పూ చేయలేదు. నిన్నటిదాకా నమ్మకస్తుడైన వాచ్‌మన్ చేతిలోని తాళాలు రాత్రికి రాత్రి వేరేవాడి చేతికెళ్లాయంతే.

వేసేటప్పుడు “అన్ని సైట్లలో మీ డేటా చదివే, మార్చే” అనుమతి అడిగితే ఆగండి. వాతావరణం చూపించడానికి దానికి మీ బ్యాంకు పేజీ చదవాల్సిన పనేముంది? యూబ్లాక్‌కి ఆ అనుమతి తప్పదు, దాని పనే అది. దాంతో పాటు బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ ఒకటి, అంతే. కూపన్లు వెతికిపెడతామనే వాటిని దగ్గరికి రానివ్వకండి.

9. రెండు బ్రౌజర్లు, రెండు పనులు

వార్తలు, వెతుకులాట, కాలక్షేపం అంతా ఒక దాంట్లో. బ్యాంకు, టాక్స్, ప్రభుత్వ సైట్లు రెండో దాంట్లో, ఎక్స్‌టెన్షన్ ఒక్కటి కూడా లేకుండా. రోజంతా ఎక్కడెక్కడో తిరిగిన చెప్పులతో పూజగదిలోకి వెళ్లం కదా. ఇందాక బ్రేవ్ పక్కన ఉంచుకోమన్నది ఇందుకే. మన దగ్గర కొన్ని సైట్లు ఇప్పటికీ ఫైర్‌ఫాక్స్‌లో మొరాయిస్తాయి, పేజీ అంతా బాగానే వచ్చి చివర సబ్‌మిట్ నొక్కితే కదలదు. అలాంటప్పుడు సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టకుండా రెండో దాంట్లో తెరిచి పని చూసుకోండి.

ఫోన్‌లో ఇంకో చిక్కుంది. కొత్త బ్రౌజర్‌ని డిఫాల్ట్ చేసినా, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో లింకు నొక్కితే అది ఆ యాప్ లోపలే ఉన్న చిన్న బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. అక్కడ మీ యూబ్లాకూ లేదు, సెట్టింగ్సూ లేవు. ఆ లోపలి బ్రౌజర్ మనం చూసే ప్రతి పేజీలోనూ తన సొంత కోడ్ చొప్పిస్తోందని ఫెలిక్స్ క్రౌజ్ అనే ఇంజనీర్ 2022లో ఐఫోన్ మీద పరీక్షించి చూపించారు. మూల ఉన్న మూడు చుక్కలు నొక్కితే బయటి బ్రౌజర్‌లో తెరవమనే మాట కనిపిస్తుంది. కనీసం ఏదైనా కొనేముందు, లాగిన్ అయ్యేముందు ఆ పని చేయండి.

10. పరీక్షించుకోండి

నెట్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ల కవర్ యువర్ ట్రాక్స్ అనే పేజీ తెరిచి టెస్ట్ బటన్ నొక్కండి. నిమిషంలో రిపోర్టు వస్తుంది. ట్రాకర్లు ఆగుతున్నాయా అన్నది పైన ఉంటుంది. నాకు ఆసక్తి దాని కిందిది: కుకీ లేకపోయినా మిమ్మల్ని గుర్తుపట్టొచ్చా అన్నది. స్క్రీన్ కొలత, టైమ్ జోన్, ఫాంట్లు, మీరు కోరుకునే భాష, ఇవన్నీ మీ బ్రౌజర్ అడిగినవాళ్లకల్లా చెప్తుంది. విడివిడిగా ఏదీ పెద్ద గుట్టు కాదు, కలిపితే వేలిముద్ర.

ఇక్కడ మన తెలుగువాళ్లకి ఒక తమాషా ఉంది. హైదరాబాద్‌లో కూర్చుని బ్రౌజర్‌కి మొదటి భాష తెలుగు అని చెప్తే ఫర్వాలేదు, గుంపులో కలిసిపోతారు. అదే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు చెప్తే, ఆ టైమ్ జోన్‌లో తెలుగు కోరే బ్రౌజర్లు ఎన్నుంటాయి? జాతరలో పంచె కట్టుకున్నవాణ్ణి వెతకడం కష్టం, మంచులో తేలిక. టోర్ బ్రౌజర్ అందుకే పేజీలు ఇంగ్లీషులోనే అడగమంటారా అని ముందే అడుగుతుంది. ఆ సలహా సబబైనదే. నేను మాత్రం నాదాంట్లో తెలుగే ఉంచుకున్నాను. తెలుగు కావాలనేవాళ్ల లెక్కలో ఒకడు తగ్గితే, రేపు ఏ సైటూ తెలుగు పెట్టదు.

11. పాతదాన్ని ఏం చేయాలి

వెంటనే తీసేయకండి. ఒక నెల రెండూ ఉంచితే, మర్చిపోయిన పాస్‌వర్డో బుక్‌మార్కో అవసరమై వెతుక్కుంటారు. నెల తర్వాత పాతదాంట్లో దాచిన పాస్‌వర్డ్‌లు చెరిపి, అప్పుడు తీసేయండి. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌తో వచ్చిన బ్రౌజర్ చాలావాటిలో పోదు, డిజేబుల్ అని మాత్రమే ఉంటుంది, అది చాలు. ఆ జాబితాలోనే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని ఒకటి కనిపిస్తుంది, ఇదీ బ్రౌజరేగా అని దాన్ని ఆపేయకండి. మిగతా యాప్‌లు తమ లోపల పేజీలు చూపించడానికి దాన్నే వాడుకుంటాయి, ఆపితే ఏ యాప్ ఎక్కడ ఆగిపోతుందో చెప్పలేం.

అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా ఉంచండి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ కొన్ని వారాలకోసారి కొత్త వెర్షన్ తెస్తాయి, మధ్యలో అర్జెంటుగా వచ్చే చిన్న మరమ్మతులే అసలైన రక్షణ. షాపులో ఇంకా విండోస్ 7 నడుపుతున్నవాళ్లు గమనించండి, క్రోమ్ అక్కడ 2023 మొదట్లో 109వ వెర్షన్ దగ్గర ఆగిపోయింది. ఆ సిస్టంలో లెక్కలు రాసుకోండి, బిల్లులు కొట్టుకోండి, బ్యాంకు సైట్ మాత్రం తెరవకండి.